ఎదురు నీటి దారి

మడుగులో ఎర్ర తువ్వాలు తేలుతోంది.

ముందు చూసినవాడు శ్యాంబాబు. చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని మొహం చూసి ఉషారాణి కూడా అటు తిరిగింది. జలపాతం మీంచి పడ్డ నీళ్ళు మడుగులో ఒక సుడి తిరిగి, మూలనున్న రాళ్ళ దగ్గర నురగ కక్కుతున్నాయి. ఆ నురగ మధ్య, అంచున నల్ల గీతలున్న తువ్వాలు గుండ్రంగా, తీరిగ్గా తిరుగుతోంది.

పొద్దున వ్యాన్ ఎక్కేటప్పుడు అది బుల్లియ్య మెడలో ఉంది. బుల్లియ్య ఉషారాణికి మేనమామ. తండ్రి పోయాక ఆమెను పెంచి, చదివించి, రాజమండ్రిలో కళ్ళజోళ్ళ షాపు పెట్టుకునేదాకా వెనక నిలబడ్డవాడు ఆయనే.

ఆదివారం వస్తే షాపు మూసేసి, తెలిసినవాళ్ళను వెంటేసుకుని అడవుల్లో నడవటం ఉషారాణికి పిచ్చి. ఈసారి జంగారెడ్డిగూడెం అవతలి కొండలు. ముందు కుంకుడుమాను జలపాతం, అక్కణ్ణుంచి పైకెక్కితే గద్దరాయి. మబ్బులేని రోజున ఆ బండ మీద నిలబడితే, దూరంగా పాపికొండల సందున గోదారి కనిపిస్తుంది.

ఆ చూపు కోసమే మావయ్యను తీసుకొచ్చింది. పడవ నడిపీ, చేపలు పట్టీ జీవితమంతా గోదారి మీదే గడిపిన మనిషి, గోదారిని పడవ ఎత్తు నుంచి తప్ప ఎన్నడూ చూడలేదు. రైలు బ్రిడ్జి మీంచి చూశానంటాడుగానీ, రైలెక్కగానే నిద్రపోతాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. రమ్మన్నప్పుడల్లా ఒకటే మాట అనేవాడు.

"గోదారిని చూడ్డానికి కొండెక్కడమేంటే? మంచం దిగితే కనపడుద్ది."

నాలుగేళ్ళు బతిమాలితే ఇవాళ్టికి కదిలాడు.

దారంతా ఆయనే సందడి. జంగారెడ్డిగూడెంలో టిఫిన్‌కి ఆగినప్పుడు హోటలు వాడికి చేపల పులుసులో చింతపండు ఎప్పుడు పిండాలో చెప్పాడు. పామాయిల్ తోటలు దాటాక, దారి చూపడానికి వాళ్ళ వెంట రాబోయే ఫారెస్ట్ వాచర్ గణేష్‌బాబు వ్యాన్ ఆపి, అడవిలోకి అగ్గిపెట్టె, బీడీ, చుట్ట ఏవీ తేకూడదని అందరికీ చెప్తే, బుల్లియ్య అందరికంటే ముందు దిగి, లంక చుట్టల కట్ట ఒకటి అతని చేతిలో పెట్టాడు. పంచె మడతలో, రొంటిన, ఇంకో కట్టా అగ్గిపెట్టే ఉన్న సంగతి చెప్పలేదు.

అక్కడ మొదలైంది అసలు కథ.

గద్దరాయి ఎక్కేటప్పుడు వరసలో చివర నడవాల్సిన పని శ్యాంబాబుది. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు, మంచివాడు, కాళ్ళలో చురుకు ఎక్కువ. చివర నడిచేవాడికి ఒకటే నియమం: తన వెనక ఎవరూ మిగలకూడదు. సగం ఎక్కాక బుల్లియ్య ఆయాసపడుతూ ఆగి, "నువ్వెళ్ళవయ్యా, నేను ఇలా పక్కకెళ్ళి వచ్చేత్తాను" అన్నాడు. పెద్దాయన పక్కకెళ్తానంటే పక్కన ఎలా నిలబడతాడు? శ్యాంబాబు వెళ్ళిపోయాడు.

బండ మీద ఆరోజు మంచు తప్ప ఏమీ లేదు. గోదారి ఉండాల్సిన చోట తెల్లటి దూది. ఫోన్లు తీసినవాళ్ళు మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నారు. ఉషారాణి మాత్రం దారి వైపే చూస్తూ నిలబడింది. శ్యాంబాబు వచ్చాడు. అతని వెనక ఎవరూ రాలేదు. ఆగారు, పిలిచారు, మళ్ళీ ఆగారు. చివరికి ఆయన్ను కేకేసుకుంటూ వచ్చిన దారినే దిగారు. దారి పొడుగునా ఎక్కడా కనిపించలేదు. దిగీ దిగీ మళ్ళీ జలపాతం దగ్గరికే వచ్చేసరికి, ఇదిగో, ఈ తువ్వాలు.

గణేష్‌బాబు చొక్కా విప్పి మడుగులోకి దిగాడు. చేతికర్రతో ప్రతి రాయి కిందా పొడిచి చూశాడు. నీళ్ళు అతని ఛాతీ దాటలేదు. మడుగులో మనిషి లేడు.

ఉషారాణి అప్పుడు ఊపిరి వదిలింది.

ఒడ్డుకొచ్చి, గణేష్‌బాబు ఆకాశం వైపు చూశాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని పొద్దున రేడియోలో విన్నదే. కొండ వెనక మబ్బు నల్లగా లేస్తోంది. ఇక్కడ ఫోన్లు పనిచెయ్యవు. చీకటి పడితే ఈ అడవిలో మనిషిని వెతకటం అయ్యే పని కాదని అతను దాచకుండా చెప్పాడు. వాగు వెంట కిందికి వెళ్దామన్నాడు.

"ఎనిమిదేళ్ళ నుంచి చూస్తున్నానండి. తప్పిపోయిన ప్రతివాణ్ణీ వాగు కిందే పట్టుకున్నాం. భయపడ్డ మనిషి కిందికే దిగుతాడు. అది ఎవడికైనా అంతేనండి."

మాట సబబుగానే ఉంది. అందరూ సంచులు సర్దుకుంటున్నారు. ఉషారాణి తువ్వాలు తీసి పిండింది. తడిసినా చుట్ట కంపు పోలేదు. మావయ్య తువ్వాలు మెడలోంచి తియ్యడు. నీళ్ళు తాగడానికి వంగితే జారుతుంది, అంతే. అంటే ఆయన వంగింది ఈ జలపాతానికి పైన. మడుగులో లేడంటే పడిపోలేదు. మరి పైన వాగు దగ్గర ఏం చేస్తున్నాడు?

తట్టింది.

అప్పుడు ఆమెకు ఏడేళ్ళు. ధవళేశ్వరంలో, బాతుల మందను చూస్తూ కాలవ గట్టు వెంట నడిచి నడిచి, ఎక్కడో పొలాల మధ్య తేలి ఏడుస్తూ కూర్చుంది. మావయ్య సైకిల్ మీద వెతుక్కుంటూ వచ్చి, భుజాన వేసుకుని, ఇంటికొచ్చేదాకా ఒకటే పాఠం చెప్పాడు.

"దారి తప్పితే ఏడవకు. నీళ్ళెటు పోతన్నాయో చూడు. దానికి ఎదురు నడు. కిందికెళ్తే కాలవ రెండవుద్ది, రెండు నాలుగవుద్ది, ఆఖరికి పిల్ల బోదె అయి చేలో ఇంకిపోద్ది. ఎదురెళ్తే నాలుగూ రెండవుద్ది, రెండూ ఒకటవుద్ది. ఆ ఒక్కటీ లాకు దగ్గరికి తీసుకెళ్ళుద్ది. లాకు దగ్గర ఎప్పుడూ మనిషుంటాడు. రెండు పాయలొచ్చాయనుకో, పెద్దది పట్టుకో."

డెల్టాలో అది నిజం. ఆనకట్ట దగ్గర ఒకటిగా బయల్దేరిన నీరు, లాకుల తలుపులు దాటి వంద కాలవలుగా చీలి చేలల్లో కలుస్తుంది. కాటన్ దొర కట్టిన లోకం అది. కొండల్లో కథ తలకిందులు. ఇక్కడ నీరు వంద చోట్ల పుట్టి ఒకటిగా కలుస్తుంది. ఎదురు నడిచినకొద్దీ పాయలు చీలుతాయి, సన్నబడతాయి, అడవి చిక్కబడుతుంది, మనిషి అలికిడి దూరమవుతుంది.

మావయ్య పైకి వెళ్తున్నాడు. ప్రతి అడుగూ లాకు వైపే వేస్తున్నానన్న ధీమాతో.

ఆ మాట చెబితే గణేష్‌బాబు నమ్మలేదు.

"తప్పిపోయినోడు కొండెక్కుతాడాండి?"

"ధవళేశ్వరం వాడైతే ఎక్కుతాడు" అంది ఉషారాణి.

అతను ఆమె మొహంలోకి చూశాడు. వాదించే టైము లేదు. మిగతావాళ్ళను తీసుకుని తను వాగు కింద వెతుకుతానని, వాళ్ళను వ్యాన్ దగ్గర దింపి మళ్ళీ గద్దరాయి ఎక్కి వింటూ ఉంటానని చెప్పాడు. మెడలోని విజిల్ తీసి ఆమెకిచ్చి, తన సంచిలో ఇంకోటి ఉందన్నాడు. దొరికితే మూడు పొడుగు కూతలు. ఇంకొక్క మాట కూడా చెప్పాడు, వేలు చూపించి మరీ.

"నీళ్ళు ఎర్రబడితే వాగులో ఉండొద్దండి. పైన వాన పడిందని అర్థం. ఏ ఒడ్డు దగ్గరైతే ఆ ఒడ్డు ఎక్కేయండి. ఎవరికోసమూ ఆగొద్దు."

ఆమె వెంట వచ్చింది శ్యాంబాబు. రమ్మని ఎవరూ అడగలేదు.

జలపాతం పక్కన వేళ్ళు పట్టుకుని పైకి పాకారు. పైన వాగు పెద్ద బండరాళ్ళ మధ్య మెట్లు మెట్లుగా దిగుతోంది. రెండు ఒడ్లా వెదురు. ఉషారాణి రాళ్ళ మీద దాదాపు పరుగెత్తింది. కాసేపటికి మొదటి చీలిక వచ్చింది. ఎడమ పాయ హోరుమంటోంది. కుడి పాయ చప్పుడే లేదు.

శ్యాంబాబు ఎడమ వైపు తిరిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అరిచే నీళ్ళకి లోతుండదని మావయ్య రోజుకోసారి అంటాడు, నీళ్ళను గురించే కాదు, మనుషులను గురించి కూడా. కుడి పాయలో రాయి వేసింది. రాయి అడుగు చేరిన జాడ తెలియలేదు. పెద్ద నీరు అదే.

వంద గజాలు పోయాక బురదలో రబ్బరు చెప్పు ముద్ర. పక్కనే, బాగా తడిపి ఆర్పి, మర్యాదగా ఆకు కింద దాచిన చుట్ట పీక.

శ్యాంబాబు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "పక్కకెళ్ళొస్తానన్నది దీనికా అక్కా?" అన్నాడు.

"దీనికే."

"నేను ఇంకేదో అనుకుని, పాపం పెద్దాయన సిగ్గుపడతాడని వెళ్ళిపోయాను."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. అంతలోనే ఎక్కడో కొండ వెనక ఉరుము దొర్లింది, నవ్వు ఆగిపోయింది. చెట్ల మధ్య వెలుగు తగ్గింది. రెండో చీలిక దగ్గర ఆమె ఆలోచించను కూడా లేదు, లోతు చూసి నడిచింది. గుండె మాత్రం ఒకటే అడుగుతోంది: మూడో చీలిక దగ్గర మావయ్య తప్పు పాయ పట్టుకుని ఉంటే? అక్కణ్ణుంచి ఇంకో తప్పు, ఇంకో తప్పు. చీకట్లో అరవై దాటిన మనిషి, తడి బట్టల్లో.

అప్పుడు చూసింది. కాళ్ళ దగ్గర అద్దంలా ఉన్న నీటిలోకి, పైనుంచి ఒక సన్నటి ఎర్ర చార దిగుతోంది. టీ డికాక్షన్ పాలల్లో కలిసినట్టు మెల్లగా పరుచుకుంటోంది.

ఉషారాణి నోటికి చేతులడ్డం పెట్టి కేకేసింది. "మావయ్యా!"

పైనుంచి విసుగ్గా జవాబొచ్చింది.

"ఇక్కడే ఉన్నానే. అలా అరుత్తావేంటి, అడివంతా బెదిరిపోద్ది."

వాగు మలుపు తిరిగే చోట, సరిగ్గా నీటి నడుమ, ఏనుగంత బండ. దాని మీద బుల్లియ్య కుడికాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మడమ బూరెలా వాచింది. బండ మీంచి బండకు దాటబోయి మడత పడిందట. ఆమెను చూసి ముందు సంతోషం, వెంటనే చిరాకు ఆయన మొహంలోకి వచ్చాయి.

"లాకెక్కడుందే ఇక్కడ? ఇందాకట్నుంచీ నడుత్తున్నా. ఈ కాలవ సన్నబడ్డమేగానీ పెద్దవడం లేదు."

"ఇది కొండ మావయ్యా. ఇక్కడ నీళ్ళు పుడతాయి."

ఆయన ఆ మాట విని వాగు వైపు చూశాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు. ఒక జీవితకాలపు లెక్క ఆయన కళ్ళలో తిరగబడటం ఆమెకు కనిపించింది. తర్వాత నీటి రంగు చూశాడు. ఇక దాని గురించి ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది.

"వరద" అన్నాడు. "మీరు ఒడ్డెక్కండి."

ఎక్కలేదు. ఎవరికోసమూ ఆగొద్దన్న గణేష్‌బాబు మాట ఆమెకు గుర్తుంది. కానీ బండ మీద ఉన్నది ఎవరో కాదు, మావయ్య. శ్యాంబాబు అప్పటికే పొదలోకి దూరి, ఎండి విరిగిన పొడుగాటి వెదురు ఒకటి ఈడ్చుకొచ్చాడు. దాన్ని ఇద్దరూ పట్టుకుని నీటిలోకి దిగారు. తొడల దాకా వచ్చింది నీరు. బండ చేరి పైకి ఎక్కేసరికి, వెనక్కి తిరిగి చూస్తే, వాళ్ళు దిగిన చోటున్న రాయి మునిగిపోయింది.

బుల్లియ్య చేతికి వెదురు తగలగానే మనిషి మారిపోయాడు. అదే పడవలో పట్టే గెడ అన్నట్టు పొడుగు కొలిచి, చివర నీటిలో ముంచి, నీటి తోపు ఎటుందో చూశాడు. కాలు వాచిన ముసలాయన పోయి, పడవ నడిపే సరంగు లేచి నిలబడ్డాడు.

"వచ్చిన దారి మర్చిపోండి. ఆ పక్కన లోతు కోసుకుపోయింది. ఈ పక్క ఒడ్డుకి పోదాం. కుర్రాడా, నువ్వు పైన. నీళ్ళ దెబ్బ నువ్వు కాయాలి. నేను మధ్యన. ఉషా, నువ్వు కింద. గెడ నీళ్ళు పోయే వాలుకి పట్టండి, అడ్డం పెట్టొద్దు. ఎదురు తిరగొద్దు. తోసినంత తోయించుకుని, ఏటవాలుగా జరగండి. నేను జరుగు అంటే జరగాలి, నిలు అంటే నిలవాలి."

ముగ్గురూ ఒకే వెదురు పట్టుకుని దిగారు. నీరు నడుముకొచ్చింది. కింద రాళ్ళు కదులుతున్నాయి. హోరులో కూడా ఆయన గొంతు తాళం తప్పలేదు. జరుగు. నిలు. జరుగు. నిలు. నీటి బలం అంతా శ్యాంబాబు వీపు మీద పడుతోంది. అతను పళ్ళు బిగించి తల దించుకున్నాడు. ఒక్కసారి ఉషారాణి కాలు జారింది. వెదురు ఆమెను వదల్లేదు, మధ్యలో మావయ్య కూడా వదల్లేదు.

"నిలు" అన్నాడు బుల్లియ్య ఉన్నట్టుండి. చాలాసేపు ఆ మాట మీదే ఉంచాడు. ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత చూశారు. పైనుంచి ఒక చెట్టు మొద్దు, వేళ్ళతో సహా, దొర్లుకుంటూ వచ్చి ఇందాక ఆయన కూర్చున్న బండను ఫెడీమని గుద్దింది. బండ మీదికెక్కి, పక్కకు తిరిగి, వాళ్ళ ముందు నుంచి దొర్లిపోయింది.

"ఇప్పుడు జరుగు" అన్నాడు.

ఒడ్డు. గడ్డి. వేళ్ళు. ముగ్గురూ పాక్కుంటూ పైకెక్కి వెల్లకిలా పడ్డారు. వాన మొహాల మీద దంచి కొట్టింది. ఎవరూ కదల్లేదు. శ్యాంబాబు ముందు నవ్వటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ అందుకున్నారు.

వాగు ఇప్పుడు అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డు దాకా ఎర్రటి గోడలా కదులుతోంది. కిందికి వెళ్ళే దారి మూసుకుపోయింది. మిగిలింది పైకే. ఈ వాగు పుట్టేది శిఖరం కింద కాబట్టి, దాని తల చుట్టి వెళ్తే గద్దరాయి ఉన్న గట్టు మీదికే చేరాలని ఉషారాణి లెక్క వేసింది. మావయ్యకు చెప్పింది. ఆయన మీసాల నీళ్ళు తుడుచుకున్నాడు.

"అంటే ఎదురే నడవాలంటావు."

ఆమె ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

వెదురు చేతికర్ర అయింది. ఆమె భుజం రెండో కాలయింది. ఏటవాలు నిటారుగా మారిన చోట బుల్లియ్య ఆగి, ఆయాసపడుతూ, శ్యాంబాబుతో నువ్వు ముందు వెళ్ళవయ్యా అన్నాడు.

"ఆ మాట మధ్యాహ్నం ఒకసారి విన్నానండి, చాలు. మీరే ముందు. చివర నేను" అన్నాడు శ్యాంబాబు. చెప్పినట్టే, చివరిదాకా ఆయన వెనకే ఉన్నాడు. జారితే భుజంతో ఆపాడు. నడవలేని చోట వీపు మీద ఎక్కించుకున్నాడు. వీపు మీద ఉన్నంతసేపూ బుల్లియ్య అతనికి పెళ్ళి సంబంధాలు చెప్పాడు. మన చర్చివాళ్ళే ఉండాలండి అని శ్యాంబాబు రొప్పుతూ అంటే, రాజమండ్రిలో మంచి లూథరన్ కుటుంబం ఒకటుంది, చేపలు నా దగ్గరే కొంటారు అన్నాడు.

వాన వచ్చినంత గబుక్కునే ఆగిపోయింది. చెట్లు పలచబడ్డాయి. గడ్డి వచ్చింది, గడ్డి తర్వాత నల్లటి రాతి చట్టు, చట్టు తర్వాత ఆకాశం. అడుగు వెయ్యడానికి ఇంక ఎత్తు మిగల్లేదు.

వాళ్ళ వెనక, పడమట, మబ్బు కింది అంచు తెగి, సాయంత్రపు ఎండ కొండల మీదుగా సూటిగా దూసుకొచ్చింది. ముందున్న మంచు మీద పడింది. మంచు కదిలింది. ఎవరో తెర లాగుతున్నట్టు, ఒక్కో కొండా బయటికొచ్చింది. ఆ కొండల కాళ్ళ దగ్గర, మెలికలు తిరుగుతూ, ఎండను మొత్తం తన మీదే పరుచుకుని, గోదారి.

గద్దరాయి నుంచి ఒక మెలికే కనిపిస్తుంది. ఇక్కణ్ణుంచి నాలుగు. నది మీద ఒక లాంచీ ఉంది, చీమంత. దాని వెనక నీరు రెండు గీతలై విచ్చుకుంటోంది.

బుల్లియ్య వెదురు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తర్వాత ఆయన ఒక చెయ్యి ఎత్తి, వేలితో గాలిలో నది వెంట నెమ్మదిగా గీశాడు. ఆ కొండ, ఈ మలుపు, ఆ ఇసుక తిప్ప. పడవలో రోజుల తరబడి పోయిన దారంతా ఆయన వేలి కింద ఒక్క గీతలో ఒదిగింది.

"ఇంతుందా ఇది" అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ దీని మీద తిరిగాను. ఇంతుందని ఎవడూ చెప్పలేదే."

"చెప్పాను. మంచం దిగితే కనపడుద్దన్నావు."

ఆయన అది వినిపించుకోలేదు. కొండ దిగువన వాళ్ళను మింగబోయిన వాగు వైపు, ఆ వాగు పుట్టిన ఈ చట్టు వైపు చూశాడు. ఆయన మొహంలో పొగరు మెల్లగా తిరిగొచ్చింది.

"చూశావా. ఎదురు నడిత్తే ఎప్పుడూ గోదారి దగ్గరికే చేరతాం. నేను చెప్పలా?"

ఉషారాణి వాదించబోయింది. శ్యాంబాబు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నిజమే, ఎలా వాదిస్తుంది? ఎదురే నడిచారు. గోదారి ఎదురుగా ఉంది.

ఆమె విజిల్ తీసి ఊదింది. మూడు పొడుగు కూతలు. కొండలు వాటిని అటూ ఇటూ అప్పగించుకున్నాయి. ఊపిరి బిగబట్టి విన్నారు. గట్టు వెంట, బాగా కింద, గద్దరాయి దగ్గర్నుంచి మూడు కూతలు తిరిగొచ్చాయి. ఆ వెంటనే ఒక లైటు వెలిగింది. అది అటూ ఇటూ ఊగుతూ, వాళ్ళ వైపే ఎక్కడం మొదలుపెట్టింది.

"గణేష్‌బాబుగారు వస్తున్నారు మావయ్యా. దిగుదాం, చీకటి పడకముందే."

బుల్లియ్య చట్టు మీద వాచిన కాలు చాపుకుని, హాయిగా కూర్చున్నాడు. రొంటిన చెయ్యి పెట్టి చుట్టల కట్ట బయటికి తీశాడు. అది తడిసి ముద్దయిపోయింది. దాన్ని ఒకసారి పిండి, పక్కన పెట్టి, మళ్ళీ నది వైపు తిరిగాడు.

"పొద్దుగూకేదాకా వెతికారుగా. ఇంకాస్సేపు వెతకనీ."

ఉషారాణి నడుముకు కట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి ఆయన మెడలో వేసి, పక్కన కూర్చుంది.